దించిన శృతి

కిందటి వారం మనం దయానంద్‌ను తిరుపతిలో ఓ కల్యాణ మండపం భోజనాల హాల్లో వదిలిపెట్టి వచ్చాం. మీకు గుర్తుండే ఉంటుంది. ఎన్నో తగవుల తర్వాత 'ఇసకతిన్నె' బ్యాండు కొన్నేళ్ల కిందటే మళ్లీ ఒక్కటైంది. గిటారు పట్టుకుని పాడేవాడు దయానంద్, బేస్ గిటారు హరినాథ్, డ్రమ్స్ మునికుమార్. మీసాలు రాని వయసులో శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖి ఇసకలో కూర్చుని పాటలు కట్టిన ఈ ముగ్గురూ ఇప్పుడు తలకు రంగేసుకునే వయసుకొచ్చారు. సాయంత్రం ఇంజనీరింగ్ కాలేజీ మైదానంలో కచేరీ. వాళ్లకు పేరు తెచ్చింది 'యాడుండావే' పాట. నీళ్లు లేని ఏటిని కేకేసి పిలిచే పాట. దాన్ని పాత క్యాసెట్టులో ఉన్నట్టే నాదస్వరంతో పాడి తీరాలని దయానంద్ పట్టుబట్టాడు. ఆనాడు ఊదిన పూతలపట్టు మునస్వామి ఇప్పుడు లేడు. ఆయన కూతురు రూపశ్రీ తండ్రి నాదస్వరమే తీసుకుని వచ్చింది. ఆమె సంచి ముడి విప్పుతుంటే హరినాథ్ గబుక్కున లేచి, "ఈ పాటకు నాదస్వరం వొద్దప్పా" అన్నాడు. అక్కడ ఆగాం.

"ఎందుకొద్దు?" అన్నాడు దయానంద్. అతని గొంతులో ఇంకా నవ్వే ఉంది.

"డ్రమ్స్ మోతలో అది యాడ వినపడతాది?"

"నాదస్వరం వినపడదా! పక్కవీధిలో పెండ్లయితే మనింట్లో పిల్లోళ్లు నిద్దర లేస్తారు కదరా. పొద్దున్నే ఏమన్నా తాగొచ్చినావా ఏంది?"

హాలు చివర వంటవాళ్లు సాయంత్రం పెళ్లికి వంకాయలు తరుగుతున్నారు. వాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. హరినాథ్ నవ్వలేదు. డ్రమ్స్ వెనక కూర్చున్న మునికుమార్ కర్రలు తొడమీద ఆనించుకుని నేలవైపు చూస్తున్నాడు. పూతలపట్టు పక్కన మామిడి తోట ఉన్న రైతు అతను. నోరు విప్పితే ఆగని మనిషి. ఆ పూట ఎందుకో గమ్మునుండిపోయాడు. దయానంద్‌కు అదీ వింతగా తోచింది కానీ పట్టించుకోలేదు.

"నువ్వు ఊదమ్మా. ఈయన మాటలకేం గాని" అన్నాడు రూపశ్రీతో.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఇసకతిన్నెలో మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. దయానంద్ చర్చి పాటల బృందంలో పాడటం నేర్చినవాడు. పాట ముందు కాసేపు ఓ మూల కళ్లు మూసుకుని కూర్చుంటాడు. ఆ కాసేపూ అతన్ని ఎవరూ కదిలించకూడదు. గిటారుకు తీగలు మార్చడం, బిగించడం, శృతి చేయడం అంతా హరినాథ్ పని. దయానంద్ లేచి రాగానే హరినాథ్ తన హార్మణి పెట్టెమీద ఒక మెట్టు నొక్కుతాడు. ఆ నాదం పట్టుకుని దయానంద్ ఎత్తుకుంటాడు. ఆ పెట్టె హరినాథ్ వాళ్ల నాయన భజనల్లో వాయించింది. ఫోన్లలో శృతి చూసుకునే రోజులొచ్చినా దయానంద్ ఒప్పుకోలేదు. మా హరి చెవికంటే ఫోను గొప్పదా అని పదిమందిలో దెప్పేవాడు. కొన్నేళ్లుగా ఆ పెట్టెమీద ఎప్పుడూ ఓ తువ్వాలు కప్పి ఉంటోంది. ఎందుకురా అంటే దుమ్ము పడతాదప్పా అంటాడు హరినాథ్. ఆ తువ్వాలు కింద ఏ మెట్టుమీద వేలు పడుతోందో ఎవరు చూస్తారు చెప్పండి?

రూపశ్రీ రెల్లు పీకను నోట్లో తడుపుకుని నాదస్వరానికి తగిలించింది. సంగీతం కాలేజీలో చదువుకుని, పెళ్లిళ్లకూ గుళ్లకూ వాయించి ఇంటిల్లిపాదినీ పోషిస్తున్న పిల్ల. ఎవరి ముందూ తడబడే రకం కాదు. దయానంద్ తల ఊపాడు. హరినాథ్ వేరే దారిలేక తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చి మెట్టు నొక్కాడు. దయానంద్ గిటారు మీటాడు. రూపశ్రీ ఊపిరి నింపుకుని ఊదింది.

ఏం చెప్పమంటారు? ఒకే మండపంలో ఇద్దరు పెళ్లికొడుకులు తాళి ఎత్తినట్టయింది. గిటారు ఒక దారి, నాదస్వరం ఒక దారి. వంటవాళ్లు కత్తిపీటలు ఆపి తలలెత్తి చూశారు.

"శృతి కలవలేదమ్మా. మళ్లీ" అన్నాడు దయానంద్.

మళ్లీ ఊదింది. మళ్లీ అంతే.

"నీది పైనుండాదమ్మా. రవ్వంత దించు."

"ఇది తీగల వాద్యం కాదు సార్, దించేదానికి. కొయ్య. మా తాత కాలంలో ఏ బెజ్జం యాడ కొట్టినారో ఆడే ఉండాది" అంది రూపశ్రీ. "ఈ పాటకు నాయన ఊదింది ఇదే. అందుకే ఇదే తెచ్చినా."

"పాత కొయ్య కదమ్మా" అంటూ హరినాథ్ మధ్యలో దూరాడు. "ఎండిపోయుంటాది. ఎండితే శృతి పైకి పోతాది."

"పోయిన ముహూర్తంలో కూడా ఇదే ఊదినా సార్. శృతిపెట్టెతో అచ్చంగా కలిసింది." ఆమె మాటలో కోపం లేదు, వెనక్కి తగ్గడం అంతకన్నా లేదు. "మీకు అనుమానముంటే క్యాసెట్టులో పాట పెడతా ఉండండి. ఎవురో ఫోన్లోకి ఎక్కించిపెట్టినారు."

"వొద్దు" అన్నాడు హరినాథ్.

ఆ 'వొద్దు' వినగానే దయానంద్ ముఖంలో నవ్వు పోయింది. పరాయి ఆడపిల్ల మాటకు హరినాథ్ ఎప్పుడూ అలా అడ్డం తగలడు. "పెట్టమ్మా" అన్నాడు దయానంద్.

తన పాట తాను వినే అలవాటు దయానంద్‌కు లేదు. అప్పట్లో తెగ అమ్ముడుపోయిన ఆ క్యాసెట్టు ఇంట్లో ఏ మూలుందో కూడా తెలియదు. ఫోనులోంచి ముందు మునికుమార్ డ్రమ్స్ వచ్చాయి, తర్వాత మునస్వామి నాదస్వరం, ఆ వెంటనే ఓ కుర్రవాడి గొంతు. రూపశ్రీ ఫోను బల్లమీద పెట్టి, తండ్రి ఊదుతున్న చోటే తానూ అందుకుంది. రెండు నాదస్వరాలూ ఒక్కటైపోయాయి. వెంట్రుకంత తేడా లేదు. ఫోనులో కుర్రవాడు పైకి, ఇంకా పైకి వెళ్లి కేకేశాడు. "యాడుండావే!" ఆ కేక హాలు కప్పుకు తగిలి తిరిగొచ్చింది.

దయానంద్ తన గిటారు మీద మొదటి తీగ మీటి చూశాడు. పాట అక్కడెక్కడో ఉంది, తన తీగ ఎంతో కింద ఉంది. పక్క మెట్టు, ఆ పై మెట్టు, ఇంకో మెట్టు అదుముతూ పోయాడు. నాలుగు మెట్లు ఎక్కాక గానీ కలవలేదు. తీగల మీద వేలు ఆనించి అలాగే నిలబడ్డాడు. లావు తీగలు. కొన్నేళ్ల కిందట హరినాథే మార్చాడు. 'లావు తీగలైతే నాదం బరువుగా వస్తాదప్పా' అన్నాడు. వేళ్లు కాయలు కాస్తున్నా దయానంద్ సరేనన్నాడు. తీగ దించితే వదులైపోయి చేతికి తెలిసిపోతుంది. లావు తీగ దించినా బిగువుగానే ఉంటుంది. అందుకన్నమాట!

వెళ్లి హార్మణి మీద తువ్వాలు లాగేశాడు. హరినాథ్ వేలు ఇంకా మెట్టుమీదే ఉంది.

"ఇదా మన మెట్టు?"

హరినాథ్ వేలు వెనక్కి తీసుకున్నాడు.

"నిన్నే అడిగేది. ఇదా మన మెట్టు?"

"కాదు."

"ఎన్నాళ్లనుంచి?"

"నాయుడుపేట కచేరీ తర్వాతనుంచి. ఒగేసారి కాదప్పా. మొదుల్లో ఒగ మెట్టు దించినా. నువ్వు పట్టుకుంటావని నిండా భయపడినా. పట్టుకోలేదు. ఆ పైన కొన్నాళ్లకు ఇంకోటి." హరినాథ్ కళ్లు పైకెత్తలేదు. అతని తండ్రిది ఇత్తడి సామాన్ల అంగడి. అందులో కూర్చోబెడితే కొనడానికొచ్చినవాడికి బిందెకున్న సొట్ట తానే చూపించి తండ్రి చేత తిట్లు తిన్న మనిషి ఇతను. అలాంటివాడు ఇన్నేళ్లు ఇంత పని చేశాడంటే నమ్మబుద్ధి కాదు.

"నీకు తెలుసునా?" దయానంద్ మునికుమార్ వైపు తిరిగాడు.

"తెలుసప్పా" అన్నాడు మునికుమార్ నేలవైపే చూస్తూ.

దయానంద్ కుర్చీలో కూలబడ్డాడు. మదనపల్లెలో జనం కుర్చీలెక్కి చప్పట్లు కొట్టిన రోజు గుర్తొచ్చింది. నెల్లూరులో ఓ పెద్దమనిషి వచ్చి చేతులు పట్టుకుని, నీ గొంతుకు వయసు రాలేదయ్యా అన్న రోజు గుర్తొచ్చింది. ఇంటికి వెళ్లేదాకా ఆ మాటే తలుచుకుని మురిసిపోయాడు. అన్నీ దించిన పాటలే. అన్నీ తాను తప్ప తనవాళ్లందరికీ తెలిసిన సంగతే.

అంతకన్నా సిగ్గుచేటైన సంగతి ఇంకోటుంది. వయసు మీదపడి మెట్టు దించుకుని పాడేవాళ్లంటే దయానంద్‌కు ఎప్పుడూ వెటకారమే. మొన్నటికి మొన్న టీవీలో అడిగితే, "దించి పాడేకంటే ఇంట్లో కూర్చుని మనవల్ని ఆడించుకోవడం మేలు" అనేశాడు. ఈ కచేరీకి ఫ్లెక్సీలమీద ఏం రాయాలో కూడా తానే చెప్పాడు. బస్టాండు దగ్గరనుంచి కాలేజీ గేటు దాకా ఇప్పుడు అవే వేలాడుతున్నాయి. 'అదే పాట. అదే శృతి. అదే గొంతు.'

"టీవీలో నేను కూసిన కూతలు నువ్వు పక్కనే కూర్చుని విన్నావు కదరా! ఫ్లెక్సీ మీద ఆ మాట రాయించేటప్పుడు గూడా ఆడనే ఉండావు. ఒగ మాట చెప్పబుద్ధి కాలేదా? వెనక నువ్వూ మునిగాడూ ఎన్నిసార్లు నవ్వుకున్నార్రా?"

"నవ్విందెవురప్పా!" అన్నాడు హరినాథ్. "నువ్వు ఆ మాట అన్నప్పుడంతా నాకు అన్నం సయించలేదు."

"నాకు దానం చేసినావు. నా పాటను నాకే దానం చేసినావు."

"దయా, అట్టనొద్దు."

"సాయంత్రం ఆ పిల్ల నాదస్వరం శృతిలోనే పాడతా. మన పాత మెట్టులో. జనానికి ఏం రాసి చూపించినానో అదే పాడతా."

హరినాథ్ తలెత్తాడు. ఇందాకటినుంచీ తిట్లు పడుతున్న మనిషి ఒక్కసారిగా గట్టిపడిపోయాడు. "ఆ మెట్టులో నువ్వు పాడితే నేను బేస్ ఎత్తను."

"ఎందుకు?"

"ఎత్తను. అంతే."

"నేను ఆ పైకి పోలేననా? జనం ముందర పగుల్తాననా?"

హరినాథ్ నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. ఏదో చెప్పబోయి మింగేశాడని పక్కనున్న రూపశ్రీకి కూడా తెలిసింది. కోపం నెత్తికెక్కిన దయానంద్‌కు మాత్రం తెలియలేదు.

"ఎత్తొద్దులే. పో. నీ పెట్టె గూడా తీసుకుని పో" అన్నాడు.

హరినాథ్ వెళ్లిపోయాడు. పెట్టె తీసుకోలేదు.

కోమలి చిత్తూరు బస్సు దిగి మండపానికి వచ్చేటప్పటికి ఎండ నడినెత్తికొచ్చింది. దయానంద్ భార్య ఆమె. చిత్తూరులో ఓ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి బట్టలు కూడా మార్చుకోకుండా బయల్దేరింది. మునికుమార్ ఫోన్ చేశాడని వేరే చెప్పక్కర్లేదు. హాల్లో దయానంద్ ఒక్కడే ఓ మూల కూర్చుని తన పాత ఎర్ర గిటారుకు సన్న తీగలు ఎక్కిస్తున్నాడు. ఎన్నో ఏళ్లుగా చేయని పని. తీగ కొస గుచ్చుకుని వేలు ఎర్రబడింది.

"హరన్నను తిట్టినావంట" అంది కోమలి వచ్చీరాగానే.

"తిడితే తప్పా? ఏం చేసినాడో తెలుసునా నీకు?"

"తెలుసు. చెయ్యమన్నది నేనే."

దయానంద్ చేతిలో తీగ జారిపోయింది.

"నాయుడుపేటలో పాడొచ్చినాక నీకు మాట పడిపోయింది. గుర్తుండాదా? వారాలకు వారాలు సైగలతో అన్నం అడిగినావు. డాక్టరు గొట్టం పెట్టి చూసి నీతో ఏమన్నాడు?"

"రవ్వంత వాచిందన్నాడు. అరవొద్దన్నాడు."

"నీతో అట్ట చెప్పమని నేనే బతిమాలినా." కోమలి కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. "బయట నాకూ హరన్నకూ చెప్పింది వేరే. గొంతు తీగ మీద చిన్న కాయ ఉండాది. మామూలుగా పాడితే ఏం కాదు. ఆ పాటలో పై కేక ఉండాదే, అట్ట సాగదీస్తే ఏదో ఒగనాడు చిట్లుతాది. నెత్తురొస్తాది. ఒగసారి చిట్లినాక మాట మిగిల్తే మిగుల్తాది, పాట మాత్రం మిగలదు అన్నాడు. ఆ మాట విని హరన్న ఆసుపత్రి మెట్లమీద కూర్చుని ఏడ్చినాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పాడకుండా ఉంటావా? ఉండవు. ఇంకా గట్టిగా కేకేస్తావు. నీ సంగతి నాకు తెలీదా? పాట మానమంటే నువ్వు బతకవు. పాడితే నీ గొంతు బతకదు. నేనేం చేసేది చెప్పు! అందుకే హరన్న కాళ్లు పట్టుకున్నంత పని చేసినా. నీకు తెలీకుండా దించన్నా అన్నా. పాపం ఆయన మొదుల్లో ఒప్పుకోలేదు. నీ చెవిని మోసం చెయ్యడం పాపమన్నాడు."

దయానంద్‌కు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఏది ఎవరిమీద చూపించాలో తెలియక సన్న తీగను వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

అంతవరకూ తలుపు దగ్గరే నిలబడ్డ రూపశ్రీ లోపలికి వచ్చింది. "నేను మాట్లాడొచ్చునా సార్?" అని అడిగి, జవాబు కోసం ఆగలేదు. "మా నాయన్ను అందురూ తిమిరి మునస్వామి అనే పిలిచేవోళ్లు. తిమిరంటే ఈ పొట్టి నాదస్వరం, శృతి పైనుంటాది. దీనికి నిండా ఊపిరి కావల్ల. ముసిలితనంలో నాయనకు దమ్ము చాలక పొడుగుది పట్టినాడు, బారి అంటాం. దాని శృతి కిందికుంటాది. కొన్నాళ్లు ఎవురికీ ముఖం చూపించలేదు. ఆ పైన ఆయనే అన్నాడు, ఇన్నాళ్లూ గట్టిగా ఊదినా, ఇప్పుడు బాగా ఊదుతాండా అని. ఆ బారి ఇంట్లో ఉండాది. మీరు పాడే మెట్టుకు దగ్గర దగ్గర సరిపోతాది. మా అన్న బండిమీద సాయంత్రానికి తెస్తాడు. నేను రెండూ పక్కన పెట్టుకుంటా. ఏది ఎత్తమంటే అది ఎత్తుతా."

దయానంద్ వేలికి చుట్టుకున్న తీగ విప్పేశాడు. "తెప్పియ్యమ్మా" అన్నాడు. తర్వాత కోమలి వైపు చూశాడు. "దించే పాడతా. జనానికి నేనే చెప్పి పాడతా. సరేనా?"

"నామీద ఒట్టేసి చెప్పు."

"ఒట్టు" అన్నాడు దయానంద్. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అన్నాడు, అందులో అనుమానమేమీ లేదు.

సూర్యుడు కొండల వెనక్కి జారుతుండగా మైదానం నిండిపోయింది. కాలేజీ పిల్లలు ముందుకు తోసుకొస్తున్నారు. వాళ్ల వెనక నెరిసిన తలలు, బొజ్జలు, చంకల్లో మనవలు. పాత క్యాసెట్టు అరిగిపోయేదాకా విన్నవాళ్లంతా వచ్చేశారు. ముందు వరసలో కోమలి కూర్చుంది. స్టేజీమీద రెండు గిటార్లు. లావు తీగలది ఒకటి, సన్న తీగల ఎర్రది ఒకటి. పక్కన చాపమీద రూపశ్రీ, ఒళ్లో రెండు నాదస్వరాలు. డ్రమ్స్ వెనక మునికుమార్. వాళ్ల మధ్యలో బేస్ గిటారు భుజాన వేసుకుని హరినాథ్ నిలబడి ఉన్నాడు!

దయానంద్ అతని దగ్గరికి వెళ్లాడు. ఏదో అనాలి. పొద్దున అన్నదానికి ఎంతో అనాలి. "కోమలి చెప్పిందిరా" అని మాత్రం అనగలిగాడు.

"తెలుసప్పా" అన్నాడు హరినాథ్. హార్మణి పెట్టె తెచ్చి దయానంద్ ముందున్న బల్లమీద పెట్టాడు. దానిమీద తువ్వాలు లేదు. "ఇన్నాళ్లూ నేనే ఇచ్చినా. ఈ పూట శృతి నువ్వే ఇయ్యి. కిందిమెట్టులోనే పాడతానని ఒట్టేసినావంట కదా. పెట్టు వేలు. నీ వెంటే వస్తా."

ముందు వేరే పాటలు అయ్యాయి. బాగా సాగాయి. చివరికి జనం అడగడం మొదలుపెట్టారు. మొదట పిల్లలు, తర్వాత పెద్దవాళ్లు, అందరూ కలిసి ఒకటే అరుపు. "యాడుండావే! యాడుండావే!" దయానంద్ లావు తీగల గిటారు మెడలో వేసుకున్నాడు. రూపశ్రీ పొడుగు నాదస్వరం చేతిలోకి తీసుకుంది. దయానంద్ మైకు దగ్గరికి వెళ్లాడు.

"ఈ పాట..." అన్నాడు. జనం నిశ్శబ్దమైపోయారు. "ఈ పాటను ఈ పొద్దు నేను..."

దించి పాడతాను. అంతే చెప్పాలి. రెండంటే రెండు మాటలు. ముందు వరసలో కోమలి తల ఊపుతోంది, చెప్పు, చెప్పు అన్నట్టు. దయానంద్ వెనక్కి తిరిగి చూశాడు. స్టేజీ నిడివినా కట్టిన ఫ్లెక్సీమీద పెద్ద అక్షరాలు. అదే శృతి. అదే గొంతు. ఇన్నాళ్లూ దించి పాడింది తనకు తెలియదు. ఈ పూట నోరు మూసుకుని దించి పాడితే ఆ మోసం తనదే అవుతుంది. నోరు తెరిచి చెబుదామంటే నోరు రావడం లేదు. టీవీలో తాను వెక్కిరించిన ముసలి పాటగాళ్లందరూ జనంలో కూర్చుని తనవైపే చూస్తున్నట్టనిపించింది. ఏం మనిషండీ! భార్యకు ఒట్టేసి ఇంకా పూట గడవలేదు.

లావు తీగల గిటారు తీసి పక్కన పెట్టాడు. ఎర్ర గిటారు అందుకున్నాడు. వేలు హార్మణి మీదికి పోయి పాత మెట్టును నొక్కింది.

హరినాథ్ ముఖంలో రక్తం లేదు. అయినా మాట తప్పలేదు, బేస్ మీద చెయ్యి పైకి జరిపాడు. రూపశ్రీ ఒక్క క్షణం కోమలి వైపు, ఒక్క క్షణం దయానంద్ వైపు చూసి పొడుగుది కింద పెట్టి తండ్రి తిమిరిని ఎత్తింది. కోమలి లేచి నిలబడింది.

పాట మొదలైంది. ఆ పాటలో కేక మూడుసార్లు వస్తుంది. చరణం చరణానికీ ఇంకాస్త పొడుగవుతుంది. మొదటి చరణం అయ్యేదాకా దయానంద్ ఊపిరి దాచుకుంటూ పాడాడు. నాదస్వరం అతన్ని మెట్టుమెట్టుకూ పైకి తీసుకెళ్లి అక్కడ ఆగింది. మునికుమార్ కర్రలు గాలిలో ఆగాయి. దయానంద్ కళ్లు మూసుకుని నోరు తెరిచాడు.

"యాడుండావే!"

వచ్చింది! పగలలేదు, వణకలేదు. పొద్దున ఫోనులో విన్న కుర్రవాడి కేకే, కాకపోతే దానికింద ఓ జీవితం బరువుంది. మైదానమంతా లేచి నిలబడింది. తెల్లజుట్టువాళ్లు మనవల్ని భుజాలమీద ఎత్తుకుని గంతులేస్తున్నారు. కోమలి గుండెమీద చెయ్యి వేసుకుని కూర్చుండిపోయింది. ఆమె ముఖంలో ఎన్నాళ్ల భయమో కరిగిపోతోంది. ఏడుస్తూ నవ్వుతోంది. హరినాథ్ బేస్ వాయిస్తూనే దయానంద్ పక్కకు వచ్చాడు. అతని బుగ్గలు తడిసిపోయి ఉన్నాయి.

"దొరికిందప్పా! దొరికింది నీ గొంతు! ఆ డాక్టరు మాట తప్పు!" అని చెవిలో అరిచాడు.

దయానంద్ ఏదో అనబోయాడు. అప్పుడు తెలిసింది. నాలుక వెనక వెచ్చగా ఉంది. ఉప్పగా ఉంది.

గుటక వేశాడు. మళ్లీ వెచ్చగా ఊరింది. ఆపేయాలంటే ఇప్పుడే ఆపేయాలి. హరినాథ్‌కు సైగ చేస్తే చాలు. కానీ హరినాథ్ ముఖంలో అంత సంతోషం చూసి ఎన్నేళ్లయింది? అక్కడ కోమలి చేతులెత్తి చప్పట్లు కొడుతోంది. ఇన్నేళ్లూ హరినాథ్ తనకు ఎదురుగా నిలబడి, నవ్వు ముఖం పెట్టుకుని, లోపల ఇంతటిదాన్ని ఎలా దాచాడో దయానంద్‌కు అప్పుడు అర్థమైంది.

రూపశ్రీ రెండో చరణానికి నాదస్వరం ఎత్తి అతనికేసి చూసింది. ఇంకా రెండు కేకలున్నాయి. దయానంద్ పెదాలు గట్టిగా మూసుకుని, హరినాథ్‌ను చూసి నవ్వి, కానిమ్మని తల ఊపాడు.